మెతుకుకీ మెతుకుకీ మధ్య



కార్తీక మాసంలో మా ఇంట్లో నీచు వండరు. మా అత్తగారి కాలం నుంచీ ఉన్న నియమం అది. మాది కోనసీమ. చేపలావిడ గుమ్మం ముందు బుట్ట దించబోతే "పోలి స్వర్గానికి వెళ్ళాక రావమ్మా" అని పంపేస్తాం. అలాంటి దాన్ని, కిందటేడు నవంబరులో, కార్తీక సోమవారం పూట, టోక్యో నగరంలో ఒక మేడమీద గదిలో, నడుముకి తెల్లగుడ్డ కట్టుకుని పచ్చి చేప ముక్కల ముందు నిలబడ్డాను. తప్పు నాది కాదు, మా కోడలిది.

మా అబ్బాయి, కోడలు ఉండేది నిషికసాయ్ అనే చోట. మనవాళ్ళు చాలామంది ఉన్న పేట అది. నేను వస్తున్నానని తెలియగానే కోడలు రెండు నెలల ముందే సుషి నేర్పే తరగతికి ఇద్దరి పేర్లూ రాయించేసింది. రుసుము ఎంతో నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే వెళ్ళేదాన్నే కాదు. తీరా రేపు తరగతనగా నేను క్యాలెండర్ చూసి "అమ్మాయ్, రేపు కార్తీక సోమవారం కదే" అన్నాను. "జపాన్లో క్లాసు బుక్ చేయడానికి కూడా పంచాంగం చూడాలా అత్తయ్యా?" అంది. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వరట. తినకుండా చేత్తో చేస్తే దోషం లేదని నాకు నేనే తీర్పు చెప్పుకుని బయల్దేరాను.

ఆ తీర్పు వల్ల నాకు ఒక మేలు జరిగింది. మిగతా ఏడుగురి కళ్ళూ చేప మీద ఉన్నాయి. నేనెలాగూ తినను కాబట్టి నా కళ్ళు అన్నం మీద పడ్డాయి. సుషి అంటే పచ్చి చేప అని మనం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. సుషి అంటే అన్నం. పచ్చి చేపని ఒట్టిగా కోసి పెడితే దాని పేరు సషిమి, అది వేరే వంటకం. పులుపు కలిపిన అన్నం లేకపోతే అది సుషి కాదు. ఆ మాటకి మూలార్థమే పుల్లనిదని. మన పులిహోరలో 'పులి' ఎలాగో, అదీ అలాగే.

తరగతి త్సుకిజీ అనే పేటలో. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద చేపల సంత అక్కడే ఉండేది. అంతకుముందు నిహొన్‌బాషి వంతెన దగ్గరుండేదట. 1923 భూకంపంలో అది నాశనమయ్యాక ఇటు తెచ్చారు. 2018 అక్టోబరులో టోకు సంత తొయొసుకి తరలిపోయింది. చుట్టూ ఉన్న చిల్లర కొట్లు మాత్రం కదల్లేదు. కత్తుల కొట్లు, ఎండు చేపల కొట్లు, గుడ్డట్టు ముక్కని పుల్లకి గుచ్చి అమ్మే కొట్లు. ఆ ఎండు చేపల వాసనకి నాకు మా ఊరి సంత గుర్తొచ్చింది. కార్తీకం సంగతి కాసేపు మరచిపోయాను కూడా.

నేర్పే ఆయనకి డెబ్భై దాటి ఉంటాయి. అందరూ సెన్సేయ్ అని పిలిచారు, అంటే గురువుగారని. నాకంటే పెద్దాయన నన్ను 'ఒకాసాన్' అన్నారు. "నిన్ను అమ్మా అంటున్నారు అత్తయ్యా" అని కోడలు చెవిలో చెప్పింది. మన బజారులో కూరగాయలబ్బాయి నుంచి బ్యాంకు గుమాస్తా దాకా నన్ను అమ్మా అనే పిలుస్తారు కాబట్టి నాకేం కొత్తగా అనిపించలేదు.

మొదటి గంటలో చేప ఊసే లేదు. బియ్యం కడిగించారు. నలుగురికి ఒక జట్టు, జట్టుకి మూడు గోల బియ్యం. గో అంటే 180 మిల్లీలీటర్ల కొలత, మన గిద్ద, సోల వరసలోది. అవే గోలు వెయ్యి అయితే ఒక కొకు. ఒక మనిషికి ఏడాది తిండికి సరిపడే బియ్యమని లెక్క. పాత రోజుల్లో అక్కడి ప్రభువుల సంపదని బంగారంతో కాదు, కొకులతోనే కొలిచేవారు.

బియ్యం కడగడం నాకు నేర్పేదేమిటని చిన్న గీర ఉంది నాకు. నలభై ఏళ్ళుగా రోజూ చేస్తున్న పని. మొదటి నీళ్ళు పోసి నిదానంగా పిసకబోయాను. సెన్సేయ్ నా చేతిలోంచి గిన్నె లాక్కున్నంత పని చేసి, ఆ నీళ్ళు ఒంపేశారు. ఎండి ఉన్న గింజ ముందు తగిలిన నీటినే గబగబా తాగేస్తుందట. మొదటి నీళ్ళలో తవుడు వాసన ఉంటుంది. ఆలస్యం చేస్తే ఆ వాసన గింజలోకి పోతుంది. మా ఇంట్లో ఆ నీళ్ళు తిన్నగా కుడితి తొట్టిలోకి పోయేవి. గేదె ఎందుకంత ఇష్టంగా తాగేదో అరవై ఏళ్ళు వచ్చాక తెలిసింది.

"కొత్త బియ్యమా, పాత బియ్యమా?" అని అడిగాను. కోడలు అనువదించగానే ఆయన కళ్ళద్దాలు పైకి తోసి నా వైపు చూశారు. అది కొత్త బియ్యం వచ్చే కాలం. కొట్లన్నిటిలో కొత్త బియ్యమని గొప్పగా రాసి పెట్టి ఉంది. ఇంట్లో తినడానికి అదే రుచట. కానీ సుషికి ఆయన పాత బియ్యం కలుపుతారు. కొత్త గింజలో తడి ఎక్కువ, వెనిగర్ పీల్చదు, అన్నం చిమిడిపోతుంది. పులిహోరకి పాత బియ్యమే ఎందుకు వాడతామో ఆయనకి చెప్పమన్నాను. అక్కడినుంచి ఆయన మాటలన్నీ నావైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. పక్కనున్న ఆస్ట్రేలియా కుర్రాడు "చేప ఎప్పుడు?" అని రెండుసార్లు అడిగాడు. సెన్సేయ్ వాళ్ళ వృత్తిలో ఒక సామెత చెప్పారు: అన్నం వండడానికి మూడేళ్ళు, ముద్ద కట్టడానికి ఎనిమిదేళ్ళు. "మనకి రెండున్నర గంటలుంది" అని గడియారం చూపించారు.

బియ్యం విషయంలో ఆ దేశం ఎంత పట్టింపుగా ఉంటుందో ఒక్క ముక్క చెప్పి ముందుకి వెళ్తాను. 2025లో అక్కడ బియ్యం ధరలు మండిపోయాయి. ఏడాది తిరిగేసరికి దాదాపు రెట్టింపు. ఆ సమయంలో వ్యవసాయ మంత్రి ఒక సభలో, తనకి అభిమానులు ఇచ్చేవే బోలెడు ఉంటాయని, తానెప్పుడూ బియ్యం కొనలేదని అన్నాడు. మే నెలలో పదవి ఊడింది.

కడిగిన బియ్యాన్ని వెదురు బుట్టలో అరగంట వాడ్చి, ఎసరులో కొంబు అనే సముద్రపు నాచు ముక్క వేసి వండారు. గంజి వార్చరు. మనం అత్తెసరు అంటాం చూడండి, అలా. నీళ్ళు బియ్యానికి సమానంగా, అంతే. మెతుకు ఉడకాలి, లోపల కాస్త బిరుసు మిగలాలి. ఎందుకంటే ఆ తర్వాత అది పులుపు తాగాలి.

ఇక్కడి నుంచి నేను ఊపిరి బిగపట్టి చూశాను. వెడల్పాటి చెక్క తొట్టి, చుట్టూ రాగి పట్టీలు. దాన్ని హంగిరి అంటారు. ముందు తడిపి తుడిచారు, లేకపోతే చెక్క అన్నాన్ని అంటించుకుంటుంది. పొగలు కక్కే అన్నాన్ని అందులో గుమ్మరించారు. మూడు గోల బియ్యానికి బియ్యపు వెనిగర్ 80 మిల్లీలీటర్లు, అందులో రెండు పెద్ద చెంచాల పంచదార, ఒకటిన్నర చిన్న చెంచా ఉప్పు కరిగించి పెట్టుకున్నారు. దాన్ని అన్నం మీద నేరుగా పోయలేదు. చెక్క హస్తాన్ని అడ్డం పెట్టి, దాని మీదుగా జారేలా, అంతటా పడేలా పోశారు. తర్వాత హస్తాన్ని కలుపుతున్నట్టు తిప్పలేదు, ఏటవాలుగా పట్టుకుని కోస్తున్నట్టు ఆడించారు. మెతుకు చితక్కూడదు.

నేను విసనకర్ర అందుకున్నాను. అన్నం చల్లార్చడం నాకు తెలిసిన విద్యే కదా. పళ్ళెంలో వేడన్నం పరిచి, పసుపు, నువ్వులనూనె వేసి, విసురుతూ ఎన్ని పండగలు గడిపానో. "మాట్టే" అన్నారు సెన్సేయ్. ఆగమని. వేడి మీద ఉండగానే విసిరితే పైన ఆరిపోయి వెనిగర్ లోపలికి దిగదట. ముందు తాగనివ్వాలి. మెతుకు తాగినంత తాగాక, అప్పుడు విసరాలి. అప్పుడు విసిరితే మెతుకు మీద మెరుపు వస్తుంది. నిజంగానే వచ్చింది. కిటికీ లోంచి పడిన వెలుతురుకి తొట్టెడు అన్నం, నూనె చుక్క లేకుండా, నిగనిగలాడింది. మా అమ్మ పులిహోరకి ముందు అన్నంలో చింతపండు గుజ్జు కలిపి, మూత పెట్టి, "ముట్టుకోకండి, పులుపు పట్టనివ్వండి" అనేది.

ఆ అన్నానికి వాళ్ళ వృత్తి భాషలో పేరు 'షరి'. ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగాలి. బుద్ధుడి అస్థికలకి జపానులో అదే మాట. సంస్కృతంలోని 'శరీర' చైనా మీదుగా నడిచి వెళ్ళి అక్కడ షరి అయింది. తెల్లటి బియ్యపు గింజలు ఆ పవిత్రమైన ఎముక ముక్కల్లా కనబడతాయని అన్నానికి ఆ పేరొచ్చిందని చెప్పుకుంటారు. ఇది వినగానే నా మనసు భట్టిప్రోలు వెళ్ళిపోయింది. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వించిన రాతి భరిణెల మీద, క్రీస్తు పుట్టకముందు చెక్కిన బ్రాహ్మీ అక్షరాల్లో, బుద్ధుడి అవశేషాలని చెప్పడానికి వాడింది ఇదే 'శరీర' మాట. కృష్ణా డెల్టాలో రాతి పెట్టెలో ఉన్న మాట, త్సుకిజీలో చెక్క తొట్టిలో అన్నంగా కనబడింది. సెన్సేయ్‌కి చెప్పమంటే కోడలు "ఇంత చరిత్ర నాకు జపనీస్‌లో రాదు అత్తయ్యా" అని చేతులెత్తేసింది.

అన్నం ఒంటి వేడికి వచ్చేదాకా, తడిగుడ్డ కప్పి ఉంచి, ఆయన పాత కథలు చెప్పారు. ఈ అన్నానికి ఇప్పుడున్నంత గౌరవం మొదట్లో లేదట. చేపని ఉప్పులో ఊరేసి, అన్నంలో పాతర వేసినట్టు కప్పి, నెలల తరబడి పులియబెట్టేవారు. పులిసిన చేపని తిని అన్నాన్ని పారేసేవారు. చేప చెడకుండా కాపాడడమే అన్నం పని. బివా సరస్సు దగ్గర ఈనాటికీ అలాంటి ఫునాజుషి చేస్తారు. కాలక్రమాన పులిసేదాకా ఆగలేక అన్నంతో సహా తినడం మొదలెట్టారు. ఇంకా తొందర ఎక్కువై, పులియబెట్టే బదులు వెనిగర్ కలిపేశారు. 1820ల నాటికి ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, హనాయా యొహేయ్ అనే ఆయన చేత్తో ముద్ద చేసి మీద చేప పెట్టి అప్పటికప్పుడు అమ్మే పద్ధతికి పేరు తెచ్చాడు. 'నిగిరి' అంటే పిడికిట పట్టినది. బండి దగ్గర నిలబడి చేత్తో తినేసి పోయేవారు. ఇప్పుడు చెక్క బల్లల ముందు కూర్చుని వేలకి వేల యెన్‌లు పోసి తింటున్నది ఒకప్పటి మన మిరపకాయ బజ్జీల బండి సరుకన్నమాట.

నాకు అన్నిటికంటే నచ్చింది యుద్ధం తర్వాతి ముచ్చట. 1947లో బియ్యం రేషన్ కాబట్టి హోటళ్ళు మూయించారు. సుషి పనివాళ్ళు ఒక ఉపాయం పన్నారు. మేం తిండి అమ్మడం లేదు, జనం తెచ్చుకున్న బియ్యాన్ని మార్చి ఇస్తున్నాం, కూలి మాత్రం పుచ్చుకుంటున్నాం అన్నారు. ఒక గో బియ్యం తెస్తే పది ముద్దలు. మనం బియ్యం పట్టుకుని పిండిమరకి వెళ్ళి పిండి పట్టించుకుని కూలి ఇచ్చి వస్తాం చూడండి, అచ్చం అదే. ప్రభుత్వం సరేనంది.

ఇక చేప. అది వచ్చేసరికి ఆస్ట్రేలియా కుర్రాడు లేచి నిలబడ్డాడు. పళ్ళెంలో సాల్మన్ లేదు. ఆ కుర్రాడు నిరాశపడ్డాడు. సాల్మన్‌ని పచ్చిగా సుషిలో తినడం జపానుకి నార్వే వాళ్ళు 1980లలో అమ్మకం కోసం చేసిన అలవాటు. ఎడో పద్ధతిలో దానికి చోటు లేదు. అంతే కాదు, మంచుపెట్టెలు లేని ఆ రోజుల్లో నిఖార్సైన పచ్చి చేప కూడా తక్కువే. ట్యూనాని సోయా రసంలో ఊరేసేవారు, రొయ్యని ఉడికించేవారు, వెండి పొట్ట చేపలకి ఉప్పు, వెనిగర్ పట్టించేవారు. ఇప్పుడు బంగారం ధర పలికే ట్యూనా పొట్ట కొవ్వుని ఆనాడు పారేసేవారట. పిల్లి కూడా దాటిపోయేదని దానికి పేరు.

ఉప్పు, వెనిగర్ పట్టించిన ఒక చిన్న చేప మాత్రం నన్ను పట్టి లాగింది. నీలి వెన్ను, వెండి పొట్ట, చుక్కలు, చర్మం కింద లెక్కలేనన్ని సన్న ముళ్ళు. దాన్ని కొహదా అంటారు. పెరిగే కొద్దీ పేరు మారుతుంది: పిల్లప్పుడు షిన్‌కొ, వేలెడంత అయితే కొహదా, ముదిరితే కొనొషిరొ. "మాకూ ఒకటుంది" అన్నాను ఆగలేక. సముద్రంలో ఉన్నంతకాలం విలస, గోదావరికి ఎదురీదితే పులస. ముళ్ళ సంగతీ అంతే. కోడలు ఫోనులో వెతికి చూపించింది, రెండూ ఒకే వంశంవి. తేడా ఒక్కటే. మన పులస పేరు మారగానే ధర ఆకాశానికి పోతుంది. వాళ్ళ చేప పెద్దదయ్యే కొద్దీ చవకైపోతుంది. సెన్సేయ్ ఒక కొహదా ముక్క నా ముందు పెట్టారు. ఆ నిమిషంలో కార్తీకాన్ని నిలబెట్టింది నా భక్తి అని చెప్పను. కోడలు చూస్తోంది కాబట్టి ఆగాను.

ముద్ద కట్టడం మొదలైంది. వెనిగర్ నీళ్ళతో అరచేతులు తడిపి ఒక్కసారి చప్పట కొట్టాలి, ఎక్కువ తడి రాలిపోతుంది. ఎడమ చేతి వేళ్ళ మీద చేప ముక్క. కుడి చేత్తో తొట్టిలోంచి కొద్దిగా అన్నం తీసి, గుప్పిట్లోనే పొర్లించి కోలగా చేయాలి. అదే చేతి చూపుడు వేలితో వసాబి అనే ఘాటైన పచ్చటి గుజ్జు తీసి చేపకి రాయాలి. అన్నం చేప మీద పెట్టి, బొటనవేలితో మధ్యలో చిన్న గుంట నొక్కాలి. తిప్పి, రెండు వేళ్ళతో మీద ఒత్తి, మళ్ళీ తిప్పి ఒత్తాలి. ఆయన చేస్తుంటే ఐదారు సెకన్లు పట్టింది. నేను చేస్తే ఆ గది అంతా ఆగి చూసింది.

ఆయన నా ముద్దని చిన్న త్రాసు మీద పెట్టారు. 31 గ్రాములు. ఆయనవి మూడు వరసగా పెట్టారు: 18, 18, 17. నా ముద్దని మధ్యకి చీల్చి చూపించారు. లోపల రాయిలా ఉంది. నేను నవ్వేశాను. పప్పన్నం కలిపి, నెయ్యి వేసి, పిసికి, పిల్లల నోట్లో పెట్టే చెయ్యి ఇది. మన ముద్ద విడిపోకూడదు. విడిపోతే పిల్ల ఉమ్మేస్తుంది. వాళ్ళ ముద్ద వేళ్ళకి విడిపోకూడదు, నాలుక తగలగానే విడిపోవాలి. ఆయన తన ముద్దని చీల్చారు. బయట మెతుకులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. లోపల మెతుకుకీ మెతుకుకీ మధ్య సందులు. ఆయన దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టి "కూకి" అన్నారు. గాలి.

"మీ చెయ్యికి అన్నం బాగా తెలుసు. అదే ఇబ్బంది" అన్నారు, కోడలు తెలుగులోకి తిప్పి చెప్పినదాన్ని బట్టి. అన్నం తెలియని ఆ ఆస్ట్రేలియా కుర్రాడి మూడో ముద్ద 20 గ్రాములు తూగింది. నాకు ఒళ్ళు మండింది.

మనిషికి పన్నెండు ముద్దలు. నావన్నీ కోడలు తిన్నది. సోయా రసంలో అన్నం ముంచకూడదు, తిరగేసి చేప వైపు అద్దాలి, ఒక్క నోటికి పెట్టేయాలి. అల్లం ఉన్నది ముద్దకీ ముద్దకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి, చేప మీద వేసుకోవడానికి కాదు. నాలుగో దాని దాకా కోడలు మర్యాదకి "బావుంది అత్తయ్యా" అంది. ఐదోది నమలలేక నీళ్ళు తాగింది. నాకు సెన్సేయ్ దోసకాయ చుట్ట చేసి పెట్టారు, నల్లని నాచు కాగితంలో చుట్టి. నేను ఆ అన్నం మొదటిసారి రుచి చూసింది అందులోనే. గోరువెచ్చగా ఉంది. పులుపు ముందు తగల్లేదు, మింగాక వచ్చింది. పోపు లేదు, కరివేపాకు లేదు, వేరుశెనగ పప్పు లేదు. అవి లేవని నాకు చాలాసేపటిదాకా గుర్తురాలేదు.

పదకొండోది 22 గ్రాములకి దిగింది. పన్నెండోదానికి కొహదా ముక్క మిగిలింది. ఈసారి చెయ్యి బిగిసినప్పుడల్లా, కోడిపిల్లని పట్టుకున్నాననుకున్నాను. తిప్పాను, ఒత్తాను, తిప్పాను, ఒత్తాను, నల్లని చెక్క పలక మీద పెట్టాను. కోడలు అలవాటుగా చెయ్యి చాచింది. సెన్సేయ్ ఆమె మణికట్టు మీద పలక అంచు ఆనించి ఆపారు. వంగి, కళ్ళు పలక ఎత్తుకి తెచ్చి చూడమని నాకు సైగ చేశారు. వంగాను, మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ముద్ద ఊరికే అలా ఉంది. తర్వాత, ఎవరూ తాకకుండానే, చేప వీపు ఒక వెంట్రుకంత కిందికి దిగింది. లోపల గాలి ఉన్న అన్నం తన బరువుకి తానే సర్దుకుంటోంది.

"ఇప్పుడు తినమనండి" అన్నారాయన.

కోడలు నోట్లో పెట్టుకుంది. ఏమీ అనలేదు. కళ్ళు మూసుకుని నమిలింది, మూతి తుడుచుకుని, "ఇంకొకటి లేదా?" అని అడిగింది.